నిమ్రోదుకూ లూథరుకూ సంబంధం లేని క్రిస్మస్ చెట్టు

మీ సంఘ యౌవనుల కూటంలో తలెత్తిన వివాదాన్ని మీరు వివరంగా రాశారు. క్రిస్మస్ చెట్టు పెట్టడం బైబిలులోని బబులోను రాజు నిమ్రోదు పూజకు కొనసాగింపని, యిర్మీయా గ్రంథం 10వ అధ్యాయంలో దేవుడు దానిని నేరుగా నిషేధించాడని ఒక సోదరుడు వాదించారు. కాదు, ఒక చలికాలపు రాత్రి అడవిదారిన నడిచి వస్తున్న సంఘ సంస్కర్త మార్టిన్ లూథరు కొమ్మల సందుల్లో మెరిసే నక్షత్రాలను చూసి, ఆ దృశ్యం పిల్లలకు చూపాలని ఇంట్లో ఒక చెట్టు నిలిపి కొవ్వొత్తులు వెలిగించాడని మరొకరు చెప్పారు. వీటిలో ఏది నిజమో తేల్చమని అడిగారు. నేను ముప్పై ఏళ్ళకు పైగా వేదాంత విద్యార్థులకు సంఘ చరిత్ర బోధించాను. ప్రతి డిసెంబరులోనూ ఏదో ఒక రూపంలో ఈ ప్రశ్న నా ముందుకు వస్తూనే ఉండేది. నా సమాధానం అప్పుడూ ఇప్పుడూ ఒకటే: రెండూ నిజం కావు. చెట్టు చరిత్ర మనకు దొరికే చోటు బబులోనూ కాదు, లూథరు బోధించిన విట్టెన్‌బర్గూ కాదు. రైన్ నది ఎగువ తీరాన ఉన్న అల్సాస్ అనే ప్రాంతంలోని చిన్న చిన్న పట్టణాల జమాఖర్చుల పుస్తకాలలో అది దొరుకుతుంది.

ఒక ఆచారం పుట్టుకను వెతికేటప్పుడు నేను ముందుగా చూసేవి పద్దులు, జరిమానాలు, ఫిర్యాదులు. కథ చెప్పేవాడికి తన కథ అందంగా ఉండాలన్న కోరిక ఉంటుంది. ఊరి ఖర్చులు రాసుకునే గుమాస్తాకు ఆ కోరిక ఉండదు, ఎవరికి ఎంత ఇచ్చామో తప్పు లేకుండా రాసుకోవడమే అతని పని. అందుకే అతని మాట నమ్మదగినది. సెలెస్టా అనే పట్టణం నేడు ఫ్రాన్స్‌లో ఉంది, ఆ రోజుల్లో జర్మన్ మాట్లాడే పవిత్ర రోమన్ సామ్రాజ్యంలో ఉండేది. అక్కడి పురాతన గ్రంథాలయంలో 1521వ సంవత్సరపు పట్టణ ఖర్చుల పుస్తకం భద్రంగా ఉంది. అందులో ఒక పద్దు ఇలా చెబుతుంది: తోమా పండుగ రోజు నుండి పండుగ చెట్లకు కాపలా కాసినందుకు అడవి కాపరులకు నాలుగు షిల్లింగులు. ఆ రోజుల్లో అపొస్తలుడైన తోమా పండుగ డిసెంబరు 21న వచ్చేది, అంటే క్రిస్మస్‌కు సరిగ్గా నాలుగు రోజుల ముందు.

ఈ ఒక్క వాక్యాన్ని నిదానంగా చదివితే ఎంతో తెలుస్తుంది. కాపలా పెట్టవలసి వచ్చిందంటే, జనం ఊరుమ్మడి అడవిలోకి వెళ్ళి చెట్లు నరుక్కుపోతున్నారన్నమాట. కాపలా క్రిస్మస్‌కు నాలుగు రోజుల ముందు మొదలైందంటే, వారికి ఆ చెట్లు కావలసింది పండుగ కోసమే. ఊరి పెద్దలు డబ్బు ఖర్చు పెట్టి కాపరులను నియమించారంటే, అది ఆ ఏడాది కొత్తగా పుట్టిన సరదా అయి ఉండదు. అప్పటికే కొంతకాలంగా ఇంటింటికీ పాకిన అలవాటై ఉండాలి. పద్దులో చెట్టుకు వాడిన మాట కూడా గమనించదగినది. అది మే నెల పేరు నుండి వచ్చిన మాట. వసంతంలో ఊరి మధ్య పచ్చని చెట్టునో కొమ్మనో నిలిపే వేడుక ఆ ప్రాంతంలో అప్పటికే ఉంది, ఆ వేడుకలోని పచ్చకొమ్మ పేరునే చలికాలపు పండుగ చెట్టుకూ పెట్టుకున్నారు. ఉగాదికి కట్టే మామిడి తోరణాన్నే గృహప్రవేశానికీ పెళ్ళికీ మనం కట్టుకున్నట్లు, శుభకార్యం ఏదైనా పచ్చదనం ఇంటికి రావాలన్న భావన వారికీ ఉండేది. ఈ పోలికను ఇంతకు మించి సాగదీయకూడదు, కానీ పచ్చకొమ్మ ఇంటికి తెచ్చిన ప్రతివాడూ దానిని పూజించడానికే తెచ్చాడని అనుకోవడం ఎంత పొరపాటో గ్రహించడానికి మనకు ఇది చాలు.

సెలెస్టా పద్దు ఒంటరిది కాదు. స్ట్రాస్‌బర్గ్‌కు చెందిన సెబాస్టియన్ బ్రాంట్ 1494లో అచ్చయిన తన వ్యంగ్య కావ్యంలో, కొత్త సంవత్సరానికి ఇంట్లో ఫర్ అనే, చలికాలంలోనూ ఆకు రాల్చని చెట్టు పచ్చని కొమ్మలు గుచ్చేవారిని ప్రస్తావించాడు. అదే ప్రాంతంలోని అమెర్ష్‌విర్ అనే ఊరు 1561లో ఒక కట్టుబాటు చేసింది: ఊరివాడెవడూ క్రిస్మస్‌కు ఒకటి కంటే ఎక్కువ చెట్లు తెచ్చుకోరాదు, తెచ్చుకున్నది ఎనిమిది పాదరక్షల పొడవుకు మించరాదు. ఒక ఇంటికి ఒక చెట్టు, దాని ఎత్తు ఇంత అని కొలత చెప్పే స్థితి వచ్చిందంటే ఆచారం ఎంత బలపడిందో మీరే ఊహించవచ్చు. అడవి అంటే ఆ ఊరికి వంటచెరకు, ఇంటి దూలం, పందుల మేత. అందుకే ఈ ఆంక్షలు. ఈ పత్రాలలో ఎక్కడా ఇది అన్యాచారం కనుక మానండి అన్న మాట లేదు, అడవి తరిగిపోతోంది కనుక మితంగా నరకండి అన్నదే వారి గోడు.

ఇంత పాత ఆధారాలు మరికొన్ని చోట్లా ఉన్నాయి. బాల్టిక్ సముద్ర తీరంలోని తాలిన్, రీగా నగరాలు మొదటి చెట్టు మాదంటే మాదని నేటికీ పోటీపడతాయి. ఒకటి 1441ని, మరొకటి 1510ని చూపుతుంది. పెళ్ళికాని యువ వర్తకుల సంఘం ఒకటి ఆ రెండు చోట్లా ఉండేది, వారు పండుగ రోజుల్లో చెట్టును నగర కూడలికి తీసుకువెళ్ళి దాని చుట్టూ నాట్యం చేసేవారు. అది వీధి వేడుక, ఇంటి చెట్టు కాదు గనుక నేను దానిని దాయాదిగానే లెక్కిస్తాను. దీనికంటే నాకు ముఖ్యమనిపించేది ఉత్తర జర్మనీలోని బ్రేమెన్ నగరపు ఒక వృత్తి సంఘం 1570 నాటి వృత్తాంతం. ఆ సంఘ భవనంలో ఒక చిన్న ఫర్ చెట్టు నిలిపి, ఆపిల్ పండ్లు, గింజలు, ఖర్జూరాలు, మెలితిప్పి కాల్చిన రొట్టెలు, కాగితపు పువ్వులు కట్టి, క్రిస్మస్ రోజున సభ్యుల పిల్లల చేత వాటిని కోయించేవారు. అంటే మొదట్లో చెట్టు చూసి ఆనందించే వస్తువు మాత్రమే కాదు, దులిపి తినే వస్తువు. కుటుంబాల ఇళ్ళలోకి రాకముందు అది పనివారి సంఘాల చావడిలో పిల్లలకు మిఠాయిలు పంచే సాధనంగా ఉండేది.

ఇంట్లో పెట్టిన అలంకరించిన చెట్టును కళ్ళకు కట్టినట్లు చూపే తొలి వర్ణన 1605 నాటిది. స్ట్రాస్‌బర్గ్ వచ్చిన ఒక యాత్రికుడు, ఆయన పేరు మనకు దక్కలేదు, అక్కడి జనం క్రిస్మస్‌కు తమ గదులలో ఫర్ చెట్లు నిలిపి, వాటికి రంగురంగుల కాగితాలతో కత్తిరించిన గులాబీలు, ఆపిల్ పండ్లు, పలుచని అప్పాలు, బంగారు రేకులు, పంచదార మిఠాయిలు వేలాడదీస్తారని రాసుకున్నాడు. ఇందులో కొవ్వొత్తి లేదు, నక్షత్రం లేదు, దేవదూత లేదు. ఉన్నవాటిలో మూడు వస్తువులు, అంటే ఆపిల్, అప్పం, గులాబీ, ఒకే చోట చేరడం యాదృచ్ఛికం కాదని నా గట్టి అభిప్రాయం. ఎందుకో చెబుతాను.

మధ్యయుగపు పశ్చిమ ఐరోపాలో డిసెంబరు 24వ తేదీని ఆదాము హవ్వల దినంగా పాటించేవారు. ఆ రోజుల్లో చదువురాని సామాన్యులకు బైబిలు కథలు నాటకాలుగా ఆడి చూపేవారు, వాటిలో ఏదెను తోట నాటకం ఒకటి. వేదిక మీద ఫలవృక్షం ఉండాలి కదా. జర్మనీలో డిసెంబరు నెలలో ఆపిల్ చెట్టు ఆకు ఒక్కటి లేక మోడై ఉంటుంది. ఆ చలిలో పచ్చగా కనిపించేది ఫర్ జాతి చెట్టే. అందుకని ఫర్ చెట్టును నిలిపి దానికి ఆపిల్ పండ్లు కట్టేవారు. ఆదికాండంలో ఆ పండు పేరు లేదు. లాటిన్ భాషలో ఆపిల్‌కూ కీడుకూ ఒకే రూపంలో ఉండే మాట ఉండడం వల్ల పశ్చిమ సంఘం దానిని ఆపిల్‌గా ఊహించుకుంది. ఆ పండ్ల పక్కన ప్రభురాత్రి భోజనంలో వాడే పలుచని అప్పం లాంటిది వేలాడిందంటే, ఒక చెట్టు ఫలం తిని మనిషి పోగొట్టుకున్నదానిని మరో ఫలం తిరిగి ఇస్తుందన్న బోధ చూసేవారికి మాట లేకుండానే అందేది. గులాబీ సంగతి యెషయా గ్రంథంలో ఉంది. దావీదు తండ్రి యెష్షయి మొద్దు నుండి చిగురు పుడుతుందన్న ప్రవచనాన్ని జర్మన్ భక్తులు గులాబీ కొమ్మగా పాడుకునేవారు. స్ట్రాస్‌బర్గ్ గృహస్థులు ఇంత వేదాంతం ఆలోచించి కాగితం కత్తిరించారని నేను అనను, పిల్లలు ఆనందించాలని వారు కట్టి ఉంటారు. కానీ వారి చేతికి అలవాటుగా వచ్చిన అలంకారాలు ఏ మూలం నుండి వచ్చాయో ఆ మూడింటినీ కలిపి చూస్తే తెలుస్తుంది. ఈ చెట్టుకు పూర్వీకుడిని చూపమంటే నేను ఆ ఏదెను చెట్టునే చూపుతాను.

ఇక మీ కూటంలో లేచిన అసలు అభ్యంతరానికి వద్దాం. దానికి నాకు తెలిసిన గట్టి సాక్షి స్ట్రాస్‌బర్గ్ ప్రధాన దేవాలయంలో ప్రసంగించిన యోహాన్ కొన్రాడ్ డాన్‌హావర్ అనే లూథరన్ పండితుడు. ఆయన 17వ శతాబ్దం మధ్యలో, తన జనం దేవుని వాక్యం కంటే ఎక్కువ శ్రద్ధతో చేసుకునే పనికిమాలిన వేడుకల జాబితాలో ఈ చెట్టును చేర్చాడు. ఇంట్లో ఫర్ చెట్టు నిలిపి, బొమ్మలూ పంచదారా వేలాడదీసి, తరువాత దులిపి ఖాళీ చేస్తారని విసుక్కున్నాడు. ఈ అలవాటు ఎక్కడి నుండి వచ్చిందో తనకు తెలియదని, ఇది పిల్లల ఆట అని, అంతకంటే పిల్లలను ఆత్మసంబంధమైన దేవదారు వృక్షమైన క్రీస్తు వైపు నడిపిస్తే మేలని రాశాడు. ఆలోచించండి. ఆచారం మొదలైన నేల మీదే, దాని పద్దు మనకు కనిపించిన నూటముప్పై ఏళ్ళలోపే, దానిని ఇష్టపడని ఒక మహా పండితుడు దాని మీద కలం ఎత్తాడు. విగ్రహారాధన వాసన రవ్వంత తగిలినా ఆయన ఊరుకునేవాడు కాదు. ఆయన కూడా దానిని పిల్లల ఆట అన్నాడే తప్ప అన్యదేవత పూజ అనలేదు.

మరి నిమ్రోదు ఎక్కడి నుండి వచ్చాడు? స్కాట్లాండుకు చెందిన అలెగ్జాండర్ హిస్లప్ అనే పాదిరి 1853లో ఒక కరపత్రం వెలువరించి, 1858లో దానిని పెద్ద పుస్తకంగా విస్తరించాడు. రోమన్ కతోలిక ఆచారాలన్నీ బబులోను నుండి వచ్చినవేనని నిరూపించడం ఆయన ఉద్దేశం. నిమ్రోదు చనిపోతే అతని భార్య సెమీరామిస్ ఒక మోడు నుండి రాత్రికి రాత్రే పచ్చని చెట్టు మొలిచిందని చెప్పిందన్న కథ నేడు మన సెల్‌ఫోన్లలో తిరుగుతోంది, దాని మూలం ఆ ఆలోచనా ధారలోనే ఉంది. ఆదికాండం 10వ అధ్యాయంలో నిమ్రోదు గురించి ఉన్నది కొద్ది వచనాలే: అతడు పరాక్రమంగల వేటగాడు, అతని రాజ్యం ఫలానా పట్టణాలతో మొదలైంది. అక్కడ భార్య పేరు లేదు, చెట్టు లేదు. సెమీరామిస్ అనే గ్రీకు కథానాయిక వెనుక ఉన్న చారిత్రక స్త్రీ క్రీస్తుపూర్వం 800 ప్రాంతంలో జీవించిన అష్షూరు రాణి, ఆమెను నిమ్రోదుకు భార్యగా కట్టబెట్టడానికి కాలం ఏ విధంగానూ సరిపోదు. హిస్లప్ రాసిన కాలాన్ని కూడా గమనించండి: జర్మనీ నుండి వచ్చిన చెట్టు బ్రిటన్‌లో నాగరికపు వేడుకగా అప్పుడప్పుడే వ్యాపిస్తున్న సంవత్సరాలవి. క్రిస్మస్‌నే అనుమానంగా చూసే సంఘ వాతావరణంలో ఆయన పెరిగాడు. స్కాట్లాండులో క్రిస్మస్ అధికారిక సెలవు రోజు అయినది 1958లో.

యిర్మీయా 10వ అధ్యాయం మాటను నేను తేలికగా తీసుకోను, అది లేఖనం గనుక. అడవిలో చెట్టు నరుకుతారు, పనివాడు గొడ్డలితో పని చేస్తాడు, వెండి బంగారాలతో అలంకరిస్తారు, కదలకుండా మేకులు కొట్టి బిగిస్తారు అని అక్కడ ఉంది. ఈ రెండు వచనాల దగ్గర ఆగిపోతే మన ముందు గదిలోని చెట్టే కళ్ళ ముందు మెదులుతుంది, అందులో ఆశ్చర్యం లేదు. కాస్త ముందుకు చదవండి. ఆ వస్తువు మాట్లాడలేదు, నడవలేదు గనుక దానిని మోయాలి, దానికి భయపడవద్దు అని ప్రవక్త చెబుతాడు. 9వ వచనంలో తర్షీషు నుండి రేకులుగా కొట్టిన వెండి, ఊఫాజు నుండి బంగారం వస్తాయి, ఆ వస్తువుకు నీలి, ఊదా రంగు వస్త్రాలు తొడుగుతారు. బట్టలు తొడిగే వస్తువు చెట్టు కాదు, చెట్టు మాను నుండి చెక్కిన దేవతామూర్తి. యెషయా 44వ అధ్యాయంలో ఇదే సంగతి మరింత స్పష్టంగా ఉంది: ఒకడు చెట్టు నరికి సగంతో రొట్టె కాల్చుకుని, మిగిలిన సగాన్ని దేవతగా చేసుకుని దానికి సాగిలపడతాడు. యిర్మీయా క్రీస్తుపూర్వం 7, 6 శతాబ్దాలలో తన ఎదుట చూసిన వాటిని గురించి మాట్లాడాడు. ఆయనకూ సెలెస్టా కాపరులకూ మధ్య రెండు వేల సంవత్సరాలకు పైగా దూరం ఉంది.

చలికాలంలో పచ్చకొమ్మలు ఇంటికి కట్టడం క్రైస్తవ్యం కంటే పాతదే కదా అని విద్యార్థులు అడిగేవారు. అవును, పాతదే. రోమన్లు చలికాలపు పండుగలలో ద్వారాలకు పచ్చని కొమ్మలు కట్టేవారు; క్రైస్తవులు కూడా పొరుగువారిని చూసి ద్వారాలకు ఆకుదండలు, దీపాలు పెడుతున్నారని తెర్తుల్లియన్ అనే ఆది సంఘ రచయిత 3వ శతాబ్దం మొదట్లో మందలించాడు. కానీ ఆకుదండకూ పండ్లు కట్టిన ఫర్ చెట్టుకూ మధ్య వెయ్యేళ్ళకు మించిన ఖాళీ ఉంది, ఆ ఖాళీని కలిపే పత్రం ఏదీ లేదు. ఒకేలా కనిపించిన రెండు వస్తువుల మధ్య తండ్రీకొడుకుల సంబంధం ఉందని చెప్పాలంటే నడుమనున్న తరాలను చూపాలి. అదే నియమాన్ని మనకు ఇష్టమైన కథలకూ వర్తింపజేయాలి. జర్మనులకు సువార్త ప్రకటించిన బోనిఫేస్ 8వ శతాబ్దంలో గైస్మార్ అనే చోట అన్యదేవతకు అంకితమైన సింధూర వృక్షాన్ని నరికితే దాని మొదట్లో చిన్న ఫర్ మొక్క కనిపించిందని, అదే మొదటి క్రిస్మస్ చెట్టని సండే స్కూలు పుస్తకాలలో చదివి ఉంటారు. బోనిఫేస్ మరణించిన కొద్ది ఏళ్ళకే విల్లిబాల్డ్ రాసిన జీవిత చరిత్రలో, కూలిన మాను నాలుగు ముక్కలైందని, ఆ కలపతో ఒక ప్రార్థన మందిరం కట్టారని ఉంది. ఫర్ మొక్క ఆ చరిత్రలో లేదు; అది తరువాతివారు చేర్చినది.

లూథరు కథకూ ఇదే గతి. నేను లూథరన్ సంఘంలో పుట్టి పెరిగినవాడిని, ఆ కథ నిజమైతే సంతోషించేవారిలో మొదటివాడిని. లూథరు వేలకొద్దీ ఉత్తరాలు రాశాడు. భోజనం బల్ల దగ్గర ఆయన అన్న మాటలను కూడా శిష్యులు రాసి ఉంచారు. ఆయన క్రిస్మస్ ప్రసంగాలు ఎన్నో ఉన్నాయి. వాటిలో ఎక్కడా కొవ్వొత్తుల చెట్టు లేదు. మనం క్యాలెండర్ల మీద చూసే చిత్రం, 1536 క్రిస్మస్ రాత్రి లూథరు తన భార్యాపిల్లలతో వెలిగే చెట్టు పక్కన కూర్చున్నట్లున్నది, ష్వెర్డ్‌గెబుర్ట్ అనే కళాకారుడు 19వ శతాబ్దంలో గీసినది. అప్పటికి జర్మన్ ఇళ్ళలో చెట్టు స్థిరపడిపోయింది. తమ ఇంట్లో ఉన్నది తమ ఆత్మీయ తండ్రి ఇంట్లోనూ ఉండి ఉంటుందని వారు మనస్ఫూర్తిగా అనుకున్నారు. అయితే లూథరుకు పరోక్షంగా కొంత పాత్ర ఉంది. ఆయన ప్రభావంతో పిల్లలకు బహుమతులు ఇచ్చే రోజు డిసెంబరు 6న వచ్చే నికొలాసు పండుగ నుండి క్రీస్తు జన్మదినానికి మారింది. బహుమతులు పెట్టడానికి ఇంట్లో ఒక చోటు కావలసి వచ్చింది, ఆ చోటు క్రమంగా చెట్టు కింద స్థిరపడింది. కతోలిక కుటుంబాలకు అప్పటికే పశువుల తొట్టి దృశ్యం ఉండేది. అస్సీసీ ఫ్రాన్సిస్ 1223లో గ్రెచ్చియో గ్రామంలో దానికి జీవం పోశాడు. చాలాకాలం వరకు తొట్టి కతోలికుల గుర్తుగా, చెట్టు లూథరన్ల గుర్తుగా ఉండిపోయాయి. వాటికన్‌లోని పరిశుద్ధ పేతురు ప్రాంగణంలో మొదటిసారి చెట్టు నిలిపింది 1982లో, రెండవ జాన్ పాల్ పోపు కాలంలో.

కొవ్వొత్తులు ఎప్పుడు వచ్చాయంటే, 17వ శతాబ్దంలో, అదీ ముందుగా ధనికుల ఇళ్ళలో. ఫ్రాన్స్ రాజు పద్నాలుగవ లూయీ తమ్ముడిని పెళ్ళాడిన జర్మన్ రాకుమారి ఎలిజబెత్ షార్లొట్ 1708లో కూతురికి రాసిన ఉత్తరంలో, తన చిన్ననాటి హానోవర్ క్రిస్మస్‌లను తలచుకుంది: బల్లలను బలిపీఠాల్లా అలంకరించి, ఒక్కో పిల్లకూ కొత్త బట్టలు, వెండి వస్తువులు, బొమ్మలు, మిఠాయిలు అమర్చి, ఆ బల్లల మీద చిన్న పొద మొక్కలు నిలిపి ప్రతి కొమ్మకూ ఒక కొవ్వొత్తి కట్టేవారట. ఆ రోజుల్లో మైనం ఖరీదైన వస్తువు. ఒక సాయంత్రానికి ఇరవై ముప్పై కొవ్వొత్తులు కాల్చడం సామాన్యుడి తరం కాదు. 19వ శతాబ్దంలో కొవ్వుల నుండీ, ఆ తరువాత పారఫిన్ నుండీ చౌక కొవ్వొత్తులు తయారయ్యాకనే వెలుగుల చెట్టు మధ్యతరగతి ఇంటికి చేరింది. మనం భక్తికి ఆపాదించే అనేక మార్పుల వెనుక ఇలాంటి ధరల చరిత్ర ఉంటుంది, దానిని చెప్పుకోవడం వల్ల భక్తికి లోటేమీ లేదు.

ఇంగ్లండుకు చెట్టును విక్టోరియా రాణి భర్త ఆల్బర్ట్ తెచ్చాడన్నది పాఠ్యపుస్తకాల మాట. నిజానికి మూడవ జార్జ్ భార్య, జర్మన్ రాకుమారి అయిన షార్లొట్ రాణి 1800 డిసెంబరులో విండ్సర్‌లో పిల్లల విందుకు యూ అనే ఆకు రాల్చని ఒక చెట్టును తొట్టెలో నిలిపి, బాదం, ఎండుద్రాక్ష పొట్లాలూ, పండ్లూ, బొమ్మలూ కట్టించింది. విక్టోరియా కూడా పదమూడేళ్ళ వయసులో, 1832లో, దీపాలూ పంచదార బొమ్మలూ వేలాడదీసిన రెండు చెట్లను చూసినట్లు తన దినచర్యలో రాసుకుంది. ఆల్బర్ట్ కాలంలో జరిగింది వేరు: 1848లో లండన్ నుండి వెలువడే ఒక సచిత్ర వారపత్రిక రాజకుటుంబం చెట్టు చుట్టూ నిలబడిన చిత్రాన్ని అచ్చువేసింది. 1850లో ఒక అమెరికన్ మహిళల పత్రిక అదే చిత్రాన్ని తీసుకుని, రాణి తల మీది ఆభరణాన్నీ ఆల్బర్ట్ మీసాలనూ చెరిపేసి, ఒక సాధారణ అమెరికన్ కుటుంబంగా చూపింది. రాచరికాన్ని వదిలించుకున్న దేశపు గృహిణులు రాణిగారి చెట్టును తమ ఇంటి చెట్టుగా స్వీకరించడానికి ఆ చెరిపివేత సరిపోయింది. అదే దేశంలోని మసాచుసెట్స్ ప్రాంతంలో 1659 నుండి 1681 వరకు క్రిస్మస్ ఆచరించినవారికి ఐదు షిల్లింగుల జరిమానా ఉండేదని గుర్తు చేసుకుంటే, ఆ మార్పు ఎంత పెద్దదో అర్థమవుతుంది. పెన్సిల్వేనియాలో స్థిరపడ్డ జర్మన్ వలసదారులు మాత్రం ఏ పత్రిక సాయమూ లేకుండానే తమ చెట్టును తమతో తెచ్చుకున్నారు.

అలంకారాల సంగతి క్లుప్తంగా చెబుతాను. జర్మనీలోని లౌషా అనే గాజు పనివారి ఊళ్ళో, ఒక పనివాడి ఆర్డర్ల పుస్తకంలో 1848వ సంవత్సరం కింద ఆరు డజన్ల క్రిస్మస్ గుండ్లు అన్న పద్దు ఉంది. ఈ చరిత్రలో మళ్ళీ ఒక పద్దే మనకు దారి చూపింది. గుండ్రని ఎర్ర గాజు బంతి మరేదో కాదు, ఏదెను నాటకపు ఆపిల్ పండే. ఆ గాజు కొద్దికాలంలోనే అట్లాంటిక్ దాటింది. 1882లో ఎడిసన్ సహచరుడు ఎడ్వర్డ్ జాన్సన్ న్యూయార్క్‌లోని తన ఇంటి చెట్టుకు ఎరుపు, తెలుపు, నీలం రంగుల 80 విద్యుద్దీపాలు చుట్టాడు.

మన సంఘాలకు ఈ చెట్టు చేరిన దారి కూడా ఇదే చరిత్రలో భాగం. గుంటూరులో 1842 జులై 31న అడుగుపెట్టిన మిషనరీ ఫాదర్ హయ్యర్ జర్మనీలోని హెల్మ్‌ష్టెట్‌లో పుట్టి, పెన్సిల్వేనియా లూథరన్ సంఘాల నుండి వచ్చినవారు. రాజమండ్రి ప్రాంతానికి ఉత్తర జర్మనీ నుండే మిషనరీలు వచ్చారు. చెట్టు పెట్టడం ఇంటి అలవాటుగా ఉన్న మనుషులు వారు. ఫర్ చెట్టు మన కోస్తాలో పెరగదు గనుక దాని చోటులోకి సరుగుడు వచ్చింది. మా చిన్నతనంలో పండుగకు రెండు రోజుల ముందు సరుగుడు తోట యజమానిని అడిగి ఒక కొమ్మ కొట్టించి తెచ్చి, పాత నూనె డబ్బాలో తడి ఇసుక నింపి గుడి వరండాలో నిలిపేవాళ్ళం. అట్టముక్కలకు సిగరెట్ పెట్టెల్లోని వెండి కాగితం అంటించి నక్షత్రాలు చేసేవాళ్ళం, దూది పీకి కొమ్మల మీద మంచుగా పరిచేవాళ్ళం. మంచు ఎలా ఉంటుందో మాలో ఒక్కరమూ చూడలేదు. సరుగుడుకూ ఫర్ చెట్టుకూ వృక్షశాస్త్రం ప్రకారం బంధుత్వం లేదు. సూదుల్లా కనిపించేవి దాని ఆకులు కూడా కాదు, కణుపులు కణుపులుగా ఉండే సన్నని పుల్లలు. చూపుకు మాత్రం ఒకలాగే ఉంటుంది. గాలి వీస్తే సముద్రపు హోరు వినిపిస్తుంది. డిసెంబరు 25 సాయంత్రానికి కొన పుల్లలు వాలిపోయి, ఇసుక మీద సన్నగా రాలి ఉండేవి.

చెట్టు పెట్టాలా వద్దా అన్నది మీ సంఘం తేల్చుకోవలసిన విషయం. దానిని పెట్టమని లేఖనంలో ఆజ్ఞ లేదు, పెట్టడం ఇష్టం లేనివారి మనస్సాక్షిని నొప్పించి పెట్టవలసిన అగత్యమూ లేదు. మానదలచినవారు డాన్‌హావర్ చెప్పిన కారణం చెప్పి మానవచ్చు, అది గౌరవించదగిన కారణం. లేని నిమ్రోదును సాక్ష్యంగా పిలిచి, చెట్టు పెట్టుకున్న పొరుగు సంఘంవారిని విగ్రహారాధికులని అనడం మాత్రం అబద్ధ సాక్ష్యం కిందికే వస్తుందని నేను నమ్ముతున్నాను. వచ్చే కూటంలో ఆ సోదరుడి చేతనే యిర్మీయా 10వ అధ్యాయం 1వ వచనం నుండి 16వ వచనం వరకు బిగ్గరగా చదివించండి. 9వ వచనంలో నీలి, ఊదా వస్త్రాల మాట వచ్చినప్పుడు ఒక క్షణం ఆగి, ఈ బట్టలు ఎవరికి తొడుగుతున్నారని అందరినీ అడగండి.